శాటిలైట్ బొమ్మలతో పర్యావరణం చదవడం: నన్ను పదే పదే అడిగే ప్రశ్నలు

ఏటా మే నెల వచ్చేసరికి నా ఫోన్‌కి ఒకే రకం మెసేజులు మొదలవుతాయి. "అక్కా, రిమోట్ సెన్సింగ్ చేస్తే ఇస్రోలో వస్తుందా?" అని మొదలై, డిసెంబరు నాటికి "అక్కా, నా మ్యాప్‌లో చెరువు మధ్యలో వరి వచ్చింది, రేపు రివ్యూ ఉంది" దాకా వెళ్తాయి. విశాఖలో ఎంటెక్ చేసేటప్పుడు ఈ రెండూ నేనూ అడిగినదాన్నే కాబట్టి విసుగు లేదు, కాకపోతే ఒకే జవాబు నలభైసార్లు టైప్ చేసే ఓపిక అయిపోయింది. అందుకని అన్నీ ఒకచోట పెడుతున్నాను. వరసగా చదవక్కర్లేదు, మీ ప్రశ్న ఎక్కడుంటే అక్కడికి వెళ్లిపోండి.

## చేరే ముందు

అసలు ఇందులో ఏం చదువుతారు? గూగుల్ ఎర్త్ చూడటమేనా?

కాదు. నేల, నీళ్లు, ఆకు, సిమెంటు ఒక్కొక్కటీ వెలుగుని ఒక్కో తీరులో వెనక్కి కొడతాయి, ఆ తేడాని పైనుంచి కొలిచి కింద ఏముందో, ఎలా ఉందో చెప్పడమే ఈ రిమోట్ సెన్సింగ్ చదువు. పచ్చని ఆకు ఎర్రటి వెలుగుని మింగేస్తుంది, మన కంటికి ఆనని నియర్ ఇన్‌ఫ్రారెడ్‌ని మాత్రం గట్టిగా వెనక్కి కొడుతుంది. ఆకు లోపలి కణాల అమరిక దెబ్బతింటే ఆ కొట్టడం తగ్గుతుంది. మన దేశంలో ఈ పని మొదలైంది కూడా అలాగే. 1970లో శాస్త్రవేత్త పిషారోటి గారి బృందం కేరళలో తెగులు సోకిన కొబ్బరి తోటల్ని హెలికాప్టర్ నుంచి ఇన్‌ఫ్రారెడ్ ఫిల్ముతో ఫొటోలు తీసి గుర్తించే ప్రయోగం చేసింది. అప్పటికి మనకి సొంత శాటిలైటే లేదు. మన మొదటి పూర్తిస్థాయి రిమోట్ సెన్సింగ్ శాటిలైట్ ఐఆర్ఎస్-1ఏ పైకి వెళ్లింది 1988 మార్చిలో, అదీ రష్యా వాళ్ల రాకెట్ మీద బైకనూర్ నుంచి. పర్యావరణం వైపు తీసుకుంటే మీరు ఎక్కువగా చూసేవి అడవులు, పంటలు, చెరువులు, తీరం, వరదలు, నగరాల వేడి, గాలి కాలుష్యం.

నేను బీఎస్సీ బీజెడ్‌సీ. ఇంజినీరింగ్ చేయలేదు. నన్ను తీసుకుంటారా?

ఎమ్మెస్సీలోకి తీసుకుంటారు. జియోగ్రఫీ, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్, జియోఇన్‌ఫర్మాటిక్స్, ఈ మూడు పేర్లలో ఏదో ఒకదాని కింద రిమోట్ సెన్సింగ్ దొరుకుతుంది. ఎంటెక్‌కి కూడా చాలాచోట్ల జియాలజీ, జియోగ్రఫీ లాంటి సబ్జెక్టుల్లో ఎమ్మెస్సీ చేసినవాళ్లని రానిస్తారు, కానీ ఈ జాబితా కాలేజీకో రకంగా ఉంటుంది కాబట్టి ఆ ఏడాది నోటిఫికేషన్ చూసుకోకుండా నా మాట పట్టుకుని ఫీజు కట్టకండి. మా బ్యాచ్‌లో బోటనీ నుంచి వచ్చిన అమ్మాయి మొదటి సెమిస్టర్ అంతా మాత్రికల దగ్గర ఏడ్చింది. రెండో ఏడాదికి మేమందరం "ఇది సరుగుడా, జామాయిలా?" అని ఆమె వెనకాల తిరిగాం.

మ్యాథ్స్ అంటే భయం. ఎంత కావాలి?

ఇంటర్ స్థాయి త్రికోణమితి, లాగరిథమ్స్, మాత్రికలు, వీటికి తోడు స్టాటిస్టిక్స్. చివరిదే అన్నిటికంటే ముఖ్యం, జనం వదిలేసేదీ అదే. సగటు, విచలనం, కోరిలేషన్, రిగ్రెషన్, శాంపుల్ ఎలా తీయాలి అన్నవి నిద్రలో లేపి అడిగినా చెప్పగలగాలి. రాడార్ డేటాలో విలువల్ని ఎక్కువగా డెసిబెల్స్ అనే లాగ్ కొలతలో చెబుతారు కాబట్టి లాగ్ రాకపోతే మొదటి రోజే ఇరుక్కుంటారు, డెసిబెల్ విలువల్ని నేరుగా సగటు చేసి తప్పులో కాలేసినవాళ్లని చాలామందిని చూశాను.

గేటా, పీజీఈసెట్టా? ఏ పరీక్ష రాయాలి?

ఎంటెక్ అయితే గేట్. 2022 నుంచి గేట్‌లో జియోమాటిక్స్ ఇంజినీరింగ్ అని విడిగా పేపర్ ఉంది, అంతకుముందు సివిల్‌తోనో జియాలజీతోనో తంటాలు పడేవాళ్లం. రెండు రాష్ట్రాల పీజీఈసెట్‌లోనూ జియో ఇంజినీరింగ్, జియో ఇన్‌ఫర్మాటిక్స్ పేపర్ ఉంటుంది. ఎమ్మెస్సీకి తెలంగాణలో సీపీజెట్, ఆంధ్రాలో పీజీసెట్. డెహ్రాడూన్‌లో ఇస్రో వాళ్ల రిమోట్ సెన్సింగ్ శిక్షణ సంస్థ ఐఐఆర్‌ఎస్‌కి విడిగా అప్లై చేయాలి.

ఏ యూనివర్సిటీ మంచిది?

తెలుగు నేల మీద ఆంధ్రా యూనివర్సిటీలో జియో ఇంజినీరింగ్ విభాగం, హైదరాబాద్ జేఎన్టీయూ, ఉస్మానియా జియోగ్రఫీ గుర్తుంచుకోండి. బయటికి వెళ్తే ఐఐటీ బొంబాయి, చెన్నైలో అన్నా యూనివర్సిటీ, డెహ్రాడూన్‌లో ఐఐఆర్‌ఎస్. ఐఐఆర్‌ఎస్ 1966లో డచ్ వాళ్ల సాయంతో ఫొటోలు చదవడం నేర్పే సంస్థగా మొదలైంది. అక్కడ ఎంటెక్ చేసినవాళ్లకి డిగ్రీ ఇచ్చేది మన ఆంధ్రా యూనివర్సిటీయే, ఈ సంగతి వైజాగ్ వాళ్లకే చాలామందికి తెలీదు.

పేరు చూసి దూకకుండా మూడు సంగతులు అక్కడి సీనియర్లని అడగండి. ఏడాదికి ఎన్నిసార్లు ఫీల్డ్‌కి తీసుకెళ్తారు? రాడార్ డేటా మీద పనిచేసిన అధ్యాపకులు ఒక్కరైనా ఉన్నారా? చివరి ఏడాది ప్రాజెక్టుకి బయటి సంస్థలకి పంపిస్తారా? హైదరాబాద్‌లో చదివితే ఈ మూడోది తేలిక, ఎందుకంటే బాలానగర్‌లో ఇస్రో వాళ్ల శాటిలైట్ డేటా కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీ, ప్రగతినగర్ వైపు సముద్ర సమాచారం చూసే ఇన్‌కాయిస్, పటాన్‌చెరులో మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, అన్నీ సిటీ బస్సు దూరంలోనే ఉన్నాయి.

విదేశాలకి వెళ్లడం మేలా?

డబ్బు ఇబ్బంది లేకపోతేనో, స్కాలర్‌షిప్ దొరికితేనో మేలే. నెదర్లాండ్స్‌లోని ఎన్‌స్కెడేలో ఉన్న ఐటీసీ అనే సంస్థ 1950 నుంచీ ఇదే పని మీద ఉంది. యూరప్‌లో ఎరాస్మస్ ముండస్ కింద డిజిటల్ ఎర్త్ అనే మాస్టర్స్ ఉంది, సీటుతో పాటు స్కాలర్‌షిప్‌కీ పోటీ పడొచ్చు. అప్పు చేసి వెళ్లేవాళ్లకి మాత్రం ఒక మాట: ఈ రంగంలో మొదటి జీతాలు సాఫ్ట్‌వేర్ జీతాల్లా ఉండవు, ఈఎంఐ లెక్క ముందే వేసుకోండి.

## మొదటి ఏడాది

జీఐఎస్, రిమోట్ సెన్సింగ్ ఒకటేనా?

వేరు. శాటిలైట్, విమానం, డ్రోన్ నుంచి కొలత తీసుకుని దానికి అర్థం చెప్పడం రిమోట్ సెన్సింగ్. ఆ అర్థాన్ని రోడ్లు, ఊళ్ల సరిహద్దులు, జనాభాతో కలిపి ప్రశ్నలు వేయడం జీఐఎస్. ఉద్యోగ ప్రకటనల్లో రెండూ కలిపేస్తారు, అందుకే ఈ గందరగోళం.

బొమ్మలో చెట్లు ఎర్రగా ఎందుకున్నాయి? నా ఫైల్ పాడైందా?

పాడవలేదు. కంప్యూటర్ తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలం మాత్రమే చూపించగలదు. నియర్ ఇన్‌ఫ్రారెడ్ కూడా కనపడాలంటే దాన్ని ఈ మూడింటిలో ఒకదానికి అప్పజెప్పాలి. దాన్ని ఎరుపులో పెట్టి, అసలు ఎరుపుని ఆకుపచ్చలో, అసలు ఆకుపచ్చని నీలంలో పెడతారు. ఆకులు ఇన్‌ఫ్రారెడ్‌ని బాగా కొడతాయి కాబట్టి పొలాలు రక్తంలా ఎర్రగా, శుభ్రమైన లోతు నీళ్లు దాదాపు నల్లగా వస్తాయి. దీన్ని ఎఫ్‌సీసీ అంటారు. నెల రోజులు చూస్తే అలవాటైపోతుంది, ఆ తర్వాత మామూలు ఫొటోయే వెలిసిపోయినట్టు అనిపిస్తుంది.

10 మీటర్లు, 30 మీటర్లు అంటున్నారు. ఎంత చిన్నదైతే అంత మంచిదేనా?

మన పొలం లెక్కలో చూద్దాం. ఎకరం అంటే దాదాపు 4,047 చదరపు మీటర్లు. యూరప్ వాళ్ల సెంటినెల్-2 శాటిలైట్‌లో ఒక పిక్సెల్, అంటే బొమ్మలో ఒక గడి, 10 మీటర్లు, అంటే ఎకరానికి సుమారు 40 పిక్సెళ్లు వస్తాయి. అమెరికా వాళ్ల లాండ్‌శాట్‌లో 30 మీటర్లు కాబట్టి నాలుగున్నర, అందులోనూ గట్టు పక్కన పడినవి పక్కవాడి పొలంతో కలిసిపోతాయి. నాసా శాటిలైట్లలో ఉండే మోడిస్ అనే సెన్సర్‌లో 250 మీటర్ల పిక్సెల్ ఒక్కదానిలోనే పదిహేనెకరాలు ఇమిడిపోతాయి, అంటే అందులో మిరప, పత్తి, వాగు, రోడ్డు అన్నీ కలిపి ఒకే అంకె. అలాగని మోడిస్‌ని పారేయలేం, అది దాదాపు రోజూ వస్తుంది. లాండ్‌శాట్ ఒక్కోటి 16 రోజులకోసారి, సెంటినెల్-2 జంట అయిదు రోజులకోసారి. జిల్లా మొత్తం మీద కరువు ఎలా పాకుతోందో చూడాలంటే రోజూ వచ్చే మసక బొమ్మ కావాలి, ఒక రైతు పొలంలో ఏముందో చెప్పాలంటే అది పనికిరాదు. ప్రశ్న ఏంటో తేల్చుకున్నాకే శాటిలైట్ ఎంచుకోండి.

ఎన్‌డీవీఐ 0.7 వస్తే పంట ఆరోగ్యంగా ఉన్నట్టేనా?

అలా అనలేం. నియర్ ఇన్‌ఫ్రారెడ్‌లోంచి ఎరుపుని తీసేసి, ఆ రెండింటి మొత్తంతో భాగిస్తే వచ్చేదే ఎన్‌డీవీఐ. −1 నుంచి +1 మధ్య ఉంటుంది, సెంటినెల్-2లో ఎనిమిదో బ్యాండు, నాలుగో బ్యాండు వాడతాం (బ్యాండు అంటే విడిగా కొలిచే ఒక వెలుగు ముక్క). అది చెప్పేది ఒక్కటే, అక్కడ పచ్చదనం ఎంత దట్టంగా ఉందని. ఆ పచ్చదనం వరా, కలుపా, చెరువులో గుర్రపు డెక్కా అన్నది దానికి తెలీదు. పైరు బాగా గుబురెక్కాక అది పెరగడం ఆగిపోతుంది కూడా, కాబట్టి మంచి పంటకీ చాలా మంచి పంటకీ తేడా అందదు. పంట మొదట్లో నేల ఎర్రదా, నల్లరేగడా అన్నది కూడా అంకెని జరుపుతుంది. ఒక తేదీ విలువ చూసి తీర్పు ఇవ్వకుండా సీజన్ మొత్తం గీత గీసి చూడండి.

కోడింగ్ తప్పదా?

తప్పదు. క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో బటన్లు నొక్కి ఒక సెమిస్టర్ గడపొచ్చు, ఇరవై ఏళ్ల బొమ్మలు చూడాల్సి వచ్చిన రోజున అది కుదరదు. పైథాన్ మొదలుపెట్టండి. శాటిలైట్ బొమ్మల మీద ఆన్‌లైన్‌లో లెక్కలు నడిపే గూగుల్ ఎర్త్ ఇంజిన్‌లో జావాస్క్రిప్ట్ కొంచెం కావాలి, అది పదిహేను రోజుల పని.

ఎలాంటి ల్యాప్‌టాప్ కొనాలి?

16 జీబీ ర్యామ్ ఉంటే చాలు. పెద్ద లెక్కలు ఎర్త్ ఇంజిన్‌లో వాళ్ల సర్వర్ల మీదే నడుస్తాయి, చదువు కోసం వాడితే డబ్బు కట్టక్కర్లేదు. గేమింగ్ ల్యాప్‌టాప్ కావాలని ఇంట్లో ఈ కోర్సు పేరు చెప్పి అడగకండి, ఆ అబద్ధం నా దగ్గరికి వెరిఫికేషన్‌కి వస్తోంది.

## డేటా, ప్రాక్టికల్స్

ఉచితంగా డేటా ఎక్కడ దొరుకుతుంది?

లాండ్‌శాట్ మొత్తం పాత నిధిని అమెరికా 2008లో ఉచితం చేసింది, 1972 నుంచి ఉన్నవి దింపుకోవచ్చు. సెంటినెల్ బొమ్మలు యూరప్ వాళ్ల కోపర్నికస్ సైట్లో ఉంటాయి. మన రిసోర్స్‌శాట్ శాటిలైట్ బొమ్మల కోసం ఎన్‌ఆర్‌ఎస్‌సీ వాళ్ల భూనిధి సైట్లో రిజిస్టర్ అవ్వండి. భువన్ వేరు, 2009లో వచ్చిన ఆ సైట్ మ్యాపులు చూడటానికి బాగుంటుంది.

లాండ్‌శాట్ 7 బొమ్మ నిండా నల్ల చారలు. మళ్లీ డౌన్‌లోడ్ చేయాలా?

ఎన్నిసార్లు చేసినా అంతే. 2003 మే 31న ఆ శాటిలైట్‌లో స్కాన్ లైన్లని సరిచేసే భాగం చెడిపోయింది, అప్పట్నుంచి ప్రతి బొమ్మలో దాదాపు 22 శాతం ఖాళీ. బొమ్మ మధ్యలో తక్కువ, అంచుల వైపు ఎక్కువ. 2003 తర్వాతి సంవత్సరాలకి వీలైతే లాండ్‌శాట్ 5 వాడండి, అది 1984 నుంచి దాదాపు మూడు దశాబ్దాలు పనిచేసింది. 2013 నుంచి లాండ్‌శాట్ 8 ఉంది. ఆ మధ్యలో 2012 ఒక్కటే నిజంగా ఏడిపించే సంవత్సరం, దాన్ని పోలిక కోసం ఎంచుకోకండి.

సెంటినెల్-2 విలువలు 2022 నుంచి ఒక్కసారిగా పెరిగాయి. ఏమైంది?

నేల మీద ఏమీ జరగలేదు. 2022 జనవరి 25 నుంచి ప్రాసెసింగ్ పద్ధతి మార్చి, ప్రతి విలువకీ 1000 కలిపి ఇస్తున్నారు. అంతకుముందు 10,000తో భాగిస్తే రిఫ్లెక్టెన్స్ (పడిన వెలుగులో వెనక్కి వచ్చిన వాటా) వచ్చేది, ఇప్పుడు ముందు 1000 తీసేసి అప్పుడు భాగించాలి. ఎర్త్ ఇంజిన్‌లో హార్మొనైజ్డ్ అని పేరున్న కలెక్షన్ తీసుకుంటే ఆ పని వాళ్లే చేసిపెడతారు. ఎరుపుకీ ఇన్‌ఫ్రారెడ్‌కీ అదే 1000 కలిస్తే ఎన్‌డీవీఐ దిగిపోతుంది, ఇది తెలీక "2022 తర్వాత పచ్చదనం పడిపోయింది" అని అధ్యాయమంతా రాసుకొచ్చిన కుర్రాణ్ణి ఎరుగుదును, పాపం కారణాలు కూడా వెతికి పెట్టాడు.

నా ఫీల్డ్ పాయింట్లు మ్యాప్‌లో ఎక్కడో పడుతున్నాయి.

ముందు అక్షాంశం, రేఖాంశం తారుమారు అయ్యాయేమో చూడండి, సగం కేసులు అవే. తర్వాత యూటీఎం జోన్, అంటే మ్యాపుల కోసం భూమిని ఆరేసి డిగ్రీల పట్టీలుగా కోస్తే మీ చోటు ఏ పట్టీలో ఉందన్నది. మన రెండు రాష్ట్రాలకీ 44 నార్త్ అని కళ్లు మూసుకుని పెట్టేస్తాం, ఎక్కువ భాగానికి సరిపోతుంది కూడా. కానీ 78 డిగ్రీల రేఖాంశానికి పడమర జోన్ 43. అనంతపురం, ఆదోని, జహీరాబాద్ అందులోకి వస్తాయి. అటు చివర 84 డిగ్రీలు దాటితే జోన్ 45, పలాస, సోంపేట, ఇచ్ఛాపురం వాళ్లు చూసుకోవాలి.

ఖరీఫ్ అంతా మబ్బులే. పంట బొమ్మ ఒక్కటి కూడా శుభ్రంగా లేదు. ఏం చేయాలి?

రాడార్‌కి వెళ్లండి. యూరప్ వాళ్ల రాడార్ శాటిలైట్ సెంటినెల్-1 తన సిగ్నల్ తనే పంపుకుంటుంది, మబ్బు దానికి అడ్డు కాదు, రాత్రయినా పట్టదు. వరికి ఇది భలే కుదురుతుంది. నాట్ల వేళ మడి నిండా నీళ్లుంటాయి, నున్నటి నీరు సిగ్నల్‌ని అద్దంలా పక్కకి తోసేస్తుంది కాబట్టి మడి నల్లగా వస్తుంది. పైరు ఎదిగే కొద్దీ తెల్లబడుతుంది. ఆ నలుపు ఏ తేదీన వచ్చిందో చూస్తే నాట్లు ఎప్పుడు పడ్డాయో దాదాపుగా చెప్పొచ్చు. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నాసా-ఇస్రో శాటిలైట్ నైసార్‌లో ఎల్, ఎస్ అనే రెండు రాడార్ బ్యాండ్లు ఉన్నాయి, ఎల్ బ్యాండు ఆకుల కింది దాకా దిగుతుంది కాబట్టి అడవుల మీద పనిచేసేవాళ్లు దాని డేటా మీద కన్నేసి ఉంచండి.

వరదలకి కూడా ఇదే దారి, ఒక మెలిక ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు మునిగాక చాలామంది ఆ టాపిక్ తీసుకుని, రాడార్ బొమ్మలో నల్లగా ఉన్నదంతా నీళ్లని లెక్కేశారు. పొలాల్లో అది నడుస్తుంది. ఇళ్ల మధ్య సిగ్నల్ నీటి మీద పడి గోడకి తగిలి వెనక్కే వస్తుంది, అంటే మునిగిన వీధి నల్లబడకుండా మరింత తెల్లగా కనపడొచ్చు. ఆ లెక్కలో జనం మునిగిన చోటే పొడిగా తేలుతుంది. వాన తగ్గిన పొడి రోజు బొమ్మతో పోల్చకుండా నగరం వరద మ్యాపు వేయకండి.

## ప్రాజెక్టు, థీసిస్

టాపిక్ ఎలా ఎంచుకోవాలి?

బస్సులో వెళ్లి సాయంత్రానికి తిరిగి రాగలిగే చోటు తీసుకోండి. "ఫలానా జిల్లాలో 2000 నుంచి 2020 వరకు భూ వినియోగ మార్పులు" అని పెట్టకండి, దానికి ప్రశ్న లేదు, జవాబు ముందే తెలుసు: ఊళ్లు పెరిగాయి. కాకినాడ దగ్గర ఉప్పాడలో తీరం కోతకి గురవుతోందని అందరికీ తెలుసు, కోత గోడ కట్టిన చోట ఎక్కువా, పక్క ఊళ్లో ఎక్కువా అని అడిగితే అది ప్రశ్న. అక్కడ కూడా పిక్సెల్ 30 మీటర్లు, ఏడాది కోత కొన్ని మీటర్లు అయినప్పుడు రెండేళ్ల తేడాతో ఏమీ కనపడదు. బొమ్మ తీసినప్పుడు సముద్రం పోటు మీదుందా, పాటు మీదుందా అన్నది కూడా చూడాలి. కోరింగ మడ అడవుల మీద చేసేవాళ్లకీ ఇదే తిప్పలు.

ఫీల్డ్‌కి వెళ్లకుండా థీసిస్ అయిపోతుందా?

అయిపోతుంది, చాలామందికి అయిపోయింది. నాది కొల్లేరు. 1999లో అభయారణ్యం, 2002లో చిత్తడి నేలలకిచ్చే అంతర్జాతీయ రామ్‌సర్ గుర్తింపు, 2005-06లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చేపల చెరువుల గట్లు కొట్టేయడం, ఇవన్నీ చదివి, హాస్టల్లో కూర్చుని బొమ్మలన్నీ వర్గీకరించేశాను, అంటే ఏ పిక్సెల్‌లో ఏముందో పేరు పెట్టేశాను. చేపల చెరువులు తేలిగ్గానే వచ్చాయి, పైనుంచి గళ్ల చీరలా ఉంటాయి. కానీ సరస్సు నడుమ పెద్ద పెద్ద ముక్కలు ఎర్రగా కనపడ్డాయి, ఎన్‌డీవీఐ కూడా ఎక్కువ, నేను వరి అని రాసేశాను. ఆక్రమించి వరి వేస్తున్నారని రెండు పేజీల ఆవేదన కూడా జోడించాను. పడవ మీద వెళ్తే పడవ నడిపే ఆయన ఆ పాయింట్ దగ్గర తెడ్డు పెట్టి కదిపాడు. పొలం కదిలింది. "అది డెక్కమ్మా, గాలి ఎటుంటే అటు పోద్ది" అన్నాడు. గుర్రపు డెక్క! మా గైడ్ ఆ రెండు పేజీలూ కొట్టేసి, పక్కన "తెడ్డు" అని ఒక్క ముక్క రాశారు.

నెల తేడాతో రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి ఉంటే ఆ ముక్కలు చోటు మారడం నాకే కనపడేది. కానీ ఆ ప్రశ్న పడవ ఎక్కాకే పుట్టింది. మీరు వెళ్లేటప్పుడు వర్గీకరణలో మీకు అనుమానం ఉన్న చోట్లే కాకుండా, బాగా నమ్మకం ఉన్న చోట్లు కూడా పది రాసుకెళ్లండి. బొమ్మ తీసిన తేదీకి దగ్గర్లో వెళ్లండి. రైతుని "ఇప్పుడేముంది" అని ఆపేయకుండా "నిరుడు ఈ నెలలో ఏముంది" అని కూడా అడగండి.

95 శాతం అక్యురసీ వచ్చింది. అయినా గైడ్ నమ్మట్లేదు, ఎందుకు?

నమ్మకపోవడమే సరైంది. ఒకే పొలంలో గీసిన గడిలోంచి కొన్ని పిక్సెళ్లు కంప్యూటర్‌కి నేర్పే ట్రైనింగ్‌కి, కొన్ని పరీక్షకి ఇచ్చి ఉంటారు. పక్కపక్క పిక్సెళ్లు కవలల్లాంటివి, అంటే ప్రశ్నపత్రం ముందే చూపించి పరీక్ష పెట్టినట్టు. ట్రైనింగ్‌కి ఒక ఊరి పొలాలు, పరీక్షకి ఇంకో ఊరి పొలాలు పెట్టి చూడండి, అంకె దిగుతుంది, అదే మీ అసలు అంకె. మొత్తం శాతం ఒక్కటే కాకుండా తరగతి వారీగా కూడా ఇవ్వండి. ప్రాంతంలో 90 శాతం మెట్ట అయితే అంతా మెట్ట అని రాసేసినా 90 వస్తుంది, మీరు వెతుకుతున్న చెరువులు ఒక్కటీ దొరక్కపోయినా.

హైదరాబాద్ హీట్ ఐలాండ్ (నగరం చుట్టుపక్కల కంటే వేడెక్కడం) చేస్తున్నా. ఊరి బయట పొలాలే సిటీ కంటే వేడిగా వస్తున్నాయి! కోడ్ తప్పా?

కోడ్ సరిగానే ఉండొచ్చు. లాండ్‌శాట్ మన మీదుగా ఉదయం పది, పదిన్నర ప్రాంతంలో వెళ్తుంది. ఏప్రిల్‌లో ఆ వేళకి ఎండిన బీడు, బండరాయి బాగా కాగి ఉంటాయి. నగరంలో చెట్లు, భవనాల నీడలు, పార్కుల తడి ఉంటాయి, పైగా కాంక్రీటు నెమ్మదిగా కాగి నెమ్మదిగా చల్లారుతుంది. అందుకే రాత్రి బొమ్మ కావాలి, మోడిస్‌లో దొరుకుతుంది, అక్కడ నగరం వేడి బయటపడుతుంది. ఇంకోటి, మీరు కొలిచింది నేల, కప్పుల పైభాగం వేడి. టీవీలో చెప్పేది గాలి ఉష్ణోగ్రత. రెండూ ఒకే వాక్యంలో కలిపి రాస్తే వైవాలో దొరికిపోతారు.

నల్గొండ ఫ్లోరైడ్‌ని శాటిలైట్‌తో మ్యాప్ చేయొచ్చా?

చేయలేరు. ఫ్లోరైడ్ భూగర్భ జలంలో ఉంటుంది, వెలుగు అక్కడిదాకా వెళ్లదు. పైకి తోడి గ్లాసులో పోసినా దానికి రంగు లేదు. బోరు నీళ్ల శాంపుళ్లు తెచ్చి ల్యాబ్‌లో పరీక్షించి, ఆ ఫలితాలని జీఐఎస్‌లో రాతి రకాలతో కలిపి చూడటం మంచి ప్రాజెక్టే, దాన్ని రిమోట్ సెన్సింగ్ అని మాత్రం అనకండి. నీటిలో శాటిలైట్‌కి కనపడేవి వెలుగుని మార్చేవే: బురద, నాచులోని క్లోరోఫిల్, పైభాగం వేడి. హుస్సేన్ సాగర్‌లో నాచు చూడొచ్చు, నైట్రేట్ చూడలేరు.

నా అడవి విస్తీర్ణం ప్రభుత్వ రిపోర్టుతో కలవట్లేదు.

ఫారెస్ట్ సర్వే వాళ్ల లెక్కలో కనీసం హెక్టారు జాగాలో చెట్ల నీడ 10 శాతం దాటితే అది ఫారెస్ట్ కవర్, భూమి ఎవరిదైనా, చెట్టు ఏదైనా. అంటే మామిడి తోట, జీడిమామిడి, సుబాబుల్, జామాయిల్ అన్నీ అందులోకి వస్తాయి. మీరు రిజర్వ్ ఫారెస్ట్ హద్దులు తీసుకుని సహజమైన అడవి ఒక్కటే లెక్కేస్తే కలవదు, కలవకూడదు కూడా. ఏ నిర్వచనం వాడారో మొదటి పేజీలోనే రాసేయండి, సగం గొడవ తీరిపోతుంది.

## చదువయ్యాక

ఇస్రోలో వస్తుందా?

కొందరికి వస్తుంది. హైదరాబాద్ ఎన్‌ఆర్‌ఎస్‌సీ ఇస్రోలో భాగమే కాబట్టి సైంటిస్ట్ నోటిఫికేషన్లు చూస్తూ ఉండండి, పోటీ తీవ్రం. వాటికంటే జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్), ప్రాజెక్టు పోస్టులు ఎక్కువసార్లు పడతాయి, అవి పరిమిత కాలానివి. తెలంగాణలో ట్రాక్, ఆంధ్రాలో ఆప్‌శాక్ లాంటి రాష్ట్ర ప్రభుత్వాల రిమోట్ సెన్సింగ్ కేంద్రాలు కూడా ఉన్నాయి. ఇస్రో ఒక్కటే లక్ష్యం అని కూర్చుంటే మూడేళ్లు ఇట్టే పోతాయి.

ప్రైవేటులో పని ఎలా ఉంటుంది?

మొదటి ఉద్యోగంలో ఎక్కువమందికి పడేది డిజిటైజింగ్, అంటే బొమ్మ మీద రోడ్లు, ఇళ్లు గీయడం. నేను చేరిన చోట "రిమోట్ సెన్సింగ్ అనలిస్ట్" అని ఆర్డర్‌లో రాసి, పధ్నాలుగు నెలలు ఏదో దేశం కరెంటు స్తంభాలు గీయించారు. ఇంటర్వ్యూలోనే "నేను వాడబోయే డేటా ఏంటి, రోజుకి టార్గెట్ ఉంటుందా?" అని అడగండి, రోజుకి ఇన్ని కిలోమీటర్లు అన్నారంటే అది గీసే పనే. పంటల బీమా, పంట దిగుబడి అంచనా, కార్బన్ ప్రాజెక్టులు, వరద ముప్పు లెక్కలు చేసే చోట్ల అసలు సబ్జెక్టు వాడతారు, అక్కడ పైథాన్‌తో పాటు మీరు సొంతంగా చేసిన పని చూపించమంటారు.

ఏఐ వచ్చేసింది కదా, ఇంకా ఈ చదువు దండగేనా?

గీసే పని తగ్గుతుంది, తగ్గనీయండి. మోడల్‌కి నేర్పడానికి సరైన గుర్తులు పెట్టేవాళ్లు కావాలి, అది చెప్పిన జవాబు ఈ నేలకి సరిపడుతుందా అని చూసేవాళ్లు కావాలి. వేరే దేశాల పెద్ద కమతాల మీద నేర్పిన మోడల్‌ని మన అరెకరం మళ్ల మీద వదిలి చూడండి, గట్లన్నీ కలిపేసి ఒకే పొలం అంటుంది.

పీహెచ్‌డీ చేయాలా?

మీకు ఒక చోటు గురించో, ఒక పంట గురించో నిద్రపట్టని ప్రశ్న ఉంటే చేయండి. ఉద్యోగం దొరకలేదని మాత్రం వద్దు.

ఇంట్లో వాళ్లకి ఏం చదువుతున్నానని చెప్పాలి?

చేపల వేట కథ చెప్పండి, అందరికీ ఎక్కుతుంది. సముద్రం పైభాగం ఎక్కడ చల్లగా ఉందో, నాచు ఎక్కడ చేరిందో శాటిలైట్‌లో చూసి, చేపలు దొరికే వీలున్న చోట్లు ఇన్‌కాయిస్ మత్స్యకారులకి చెబుతుంది. "అదీ మా సబ్జెక్టు" అంటే తల ఊపుతారు. మా నాన్నకి ఈ కథ నాలుగుసార్లు చెప్పాను, అయినా పెళ్లిళ్లలో ఎవరడిగినా "మా అమ్మాయి వాతావరణ శాఖ" అంటారు, వెంటనే వాళ్లు నా వైపు తిరిగి "ఎల్లుండి వాన పడుతుందా?" అని అడుగుతారు. దిద్దడం మానేశాను, ముందు రాత్రే ఫోన్‌లో చూసుకుని వెళ్తున్నాను.